పలచటి సంచితో పేచీ

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెళ్ళిపందిట్లో మా పెద్దమ్మ అందరూ వినేటట్టు అడిగింది: "ఏమే, ఇంత సదువు సదివి ఊరి కసువు ఊడ్పిచ్చే పనికి పోతాండావా?" అప్పుడు నాకు జవాబు తోచలేదు. పదవీ విరమణ చేసి కల్లూరులో చిన్న ఇంట్లో స్థిరపడ్డాక, మునిసిపాలిటీ పారిశుద్ధ్య శాఖలో కొత్తగా చేరుతున్న పిల్లలు ఒకరిద్దరు వచ్చి "మేడమ్, అసలు ఈ పనేమిటి?" అని అడుగుతుంటే ఇప్పుడు జవాబు చెప్పగలుగుతున్నాను. కసువు ఊడ్పించడం మేస్త్రీ చేస్తాడు. శానిటరీ ఇన్‌స్పెక్టర్ పని ఆ కసువు ఎవరి గుమ్మంలోంచి వస్తోందో పట్టుకోవడం, ఆ గుమ్మం ముందు నిలబడి "ఇది మీదే" అని చెప్పడం. చెప్పి, మళ్ళీ మర్నాడు అదే వీధిలో తలెత్తుకుని నడవగలగడం.

నా పేరు దస్తగిరమ్మ. పేరు విని "మీరు ముస్లిములా?" అని అడిగేవాళ్ళు బయటి జిల్లాలవాళ్ళు. మా అమ్మ దర్గాకు మొక్కుకుంటే పుట్టాను కాబట్టి ఆ పేరు పెట్టింది. మా ఇలవేల్పు మాత్రం చౌడమ్మే. కర్నూలుకూ కడపకూ నడుమ ఉన్న ఒక మునిసిపాలిటీలో నా సర్వీసులో ఎక్కువ భాగం గడిచింది. ఊరి పేరు రాయను. ఈ కథలో ఉన్నవాళ్ళు ఇంకా అక్కడే వ్యాపారాలు చేసుకుంటున్నారు.

నేను చేసిన పనుల్లో పిల్లలకు చెప్పదగినది ఏదని ఆలోచిస్తే, రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో మా ఊళ్ళో ప్లాస్టిక్ సంచుల మీద పెట్టిన నిషేధమే గుర్తొస్తుంది. చాలా ఊళ్ళలో పెట్టారు, చాలా ఊళ్ళలో నెల తిరక్కుండానే మరిచారు. మా బజారులో నిలబడింది. ఎందుకు నిలబడిందో చెబుతాను.

వాన పడిన మధ్యాహ్నం

మాది వాన కోసం మొహం వాచిన సీమ. చినుకు పడితే పెద్దవాళ్ళు కూడా వాకిట్లోకి వచ్చి తడుస్తూ నిలబడతారు. అలాంటి చోట కాసేపటి వాన ఊరిని ముంచిందంటే బయటివాళ్ళు నమ్మరు. మా ఊరిని ముంచింది. బజారు నీళ్ళన్నీ పెద్ద కాలువలో పడి, బస్టాండు రోడ్డు కింద కల్వర్టు గుండా పారి, ఊరవతలి వంకలో కలవాలి. ఆ మధ్యాహ్నం కల్వర్టు నోరు మూసుకుపోయింది. నీళ్ళు వెనక్కి తన్ని, పల్లంలో ఉన్న కింది గేరి ఇళ్ళలోకి ఎక్కాయి. బియ్యం సంచులు, కుట్టుమిషన్లు, పసిపిల్లలు అన్నీ మంచాల మీదికి చేరాయి.

నేను వెళ్ళేసరికే మా పారిశుద్ధ్య కార్మికుడు ఓబులేసు కాలువలో దిగి ఉన్నాడు. ఎవరూ దిగమనలేదు. అతని ఇల్లు కింది గేరిలోనే, ఇంట్లో నడవలేని తల్లి ఉంది. చేతిలో కొక్కెం కట్టిన కర్రతో కల్వర్టుకు అడ్డం పడినదాన్ని లాగుతున్నాడు. నేను గట్టు మీది నుంచి అరిచాను.

"ఓబులేసూ, ముందు పైకి రాప్పా! జేసీబీకి చెప్పినాం, వస్తాంది!"

"ఒక్క గుంజు గుంజితే వచ్చేస్తాది మేడమ్మా!"

వచ్చింది. అడ్డం ఒక్కసారిగా విడిపోయేసరికి నీటి ఉరవడి అతన్ని కూడా లోపలికి లాక్కుపోయింది. కర్ర మాత్రం పైన తేలింది. మా మేస్త్రీ, నేను, దారిన పోయేవాళ్ళు, అందరం రోడ్డుకు అవతలి పక్కకు పరిగెత్తాం. అక్కడి నోట్లోంచి ముందు ఒక నల్లటి ముద్ద బయటపడింది, దాని వెనుక ఓబులేసు. మొహానికీ మెడకీ ప్లాస్టిక్ సంచులు చుట్టుకుని ఉన్నాయి. మేస్త్రీ వాటిని గోళ్ళతో చించి, నోట్లో ఇరుక్కున్నది లాగి పారేశాక గాని అతనికి ఊపిరి ఆడలేదు.

ఆసుపత్రిలో తేరుకున్నాక నాతో అన్నాడు: "బురదయితే పారకు తెగుతాది మేడమ్మా. ఆకూ అలమా అయితే కుళ్ళిపోతాది. ఇవి ఒగదాన్నొగటి పట్టుకోని బండ మాదిరి అయినాయి. నన్ను గూడా పట్టుకునె."

అతను మళ్ళీ పనికి వచ్చాడు గాని, కాలువలో మాత్రం కాలు పెట్టనన్నాడు. ఒక ఇంజనీరు "పని చేయనివాడికి జీతం దేనికి?" అని నన్ను అడిగాడు. ఆయన జీపు దిగకుండానే ఆ మాట అన్నాడు. నేను ఓబులేసును చెత్త బండికి మార్చాను. ఆ తర్వాత నా వార్డుల్లో మనిషిని కల్వర్టులోకి దింపలేదు, ఎంత పెద్దవాళ్ళు చెప్పినా దింపలేదు. కొత్తగా వచ్చేవాళ్ళకు నేను చెప్పే మొదటి మాట ఇదే. "పై నుంచి ఆర్డర్ వచ్చింది" అంటారు. ఆర్డర్ పైనే ఉంటుంది, మునిగేది మనిషి.

కమిషనరు గారి ర్యాలీ

అప్పటి కమిషనరు కుర్రవాడు. ఆయనకు అదే మొదటి మునిసిపాలిటీ. ఆసుపత్రికి స్వయంగా వచ్చి ఓబులేసు మంచం పక్కన కూర్చున్నాడు. అలా కూర్చున్న కమిషనర్లను నేను ఎక్కువమందిని చూడలేదు. కౌన్సిల్ మీటింగు పిలిపించి, పలచటి ప్లాస్టిక్ సంచులు ఊళ్ళో అమ్మకూడదు, ఇవ్వకూడదు అని తీర్మానం చేయించాడు. మనసు మంచిదే గాని తొందర ఎక్కువ. సోమవారం నుంచే అమలు అన్నాడు.

ఆదివారం పొద్దున బడిపిల్లలతో ర్యాలీ తీశాం. ముందు వరుసలో ఇద్దరు పిల్లలు పెద్ద ఫ్లెక్సీ పట్టుకున్నారు: "ప్లాస్టిక్‌ను తరిమేద్దాం". ర్యాలీ గడియారం స్తంభం దగ్గరికి రాగానే జామపండ్ల బండి ఆయన చేతులు కట్టుకుని చాలా వినయంగా అడిగాడు: "సార్, ఆ బ్యానరు దేంతో చేసినారు సార్?"

బజారంతా నవ్వింది. కమిషనరు చెవులు ఎర్రబడ్డాయి. కానీ అక్కడికక్కడే ఆ ఫ్లెక్సీని చుట్టించి ట్రాక్టరులో వేయించాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. తప్పు కనబడ్డాక దాన్ని సమర్థించుకోకపోవడం మా ఆఫీసుల్లో అరుదు.

సోమవారం దాడులు మొదలయ్యాయి. ఎవరి మీద? చేతికి అందినవాళ్ళ మీద. కూరగాయల గంపలు, పూల బుట్టలు, పండ్ల బండ్లు. మా సిబ్బంది ఒక ముసలావిడ గంప కింద నుంచి సంచుల కట్ట లాగారు. ఆవిడ వంకాయలు పక్కకు తోసి లేచి నిలబడింది.

"ఏమ్మా ఇన్‌స్పెక్టరమ్మా, ఇవి నేనేమన్నా ఇంట్లో వండుకోని తెచ్చుకుంటినా? ఆ శెట్టి అంగట్లో కొంటి. ఈడికి వచ్చినావు గదా, ఇంగో నాలుగడుగులు ఏస్తే ఆ అంగడి. ఆడికి పోవడానికి నీకు కాళ్ళు రావా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నా మొహం చూశారు. ఆవిడ తిట్టు న్యాయమైనది. కట్ట ఆవిడకే తిరిగి ఇప్పించి, మా వాళ్ళను తీసుకుని ఆఫీసుకు వచ్చేశాను. కమిషనరుకు చెప్పాను: "సార్, బండ్ల మీద పడితే వారం రోజులు పేపర్లో ఫొటోలు వస్తాయి. ఊరికి సంచులు దిగేది ఒక్క చోట, శెట్టిగారి అంగట్లో. అక్కడ ఆపాలి."

"ఆయన సరుకు మీద ఇరవై మైక్రాన్లని అచ్చు ఉందట కదమ్మా. రూలు ప్రకారం ఆ మందం ఉంటే పట్టుకోలేం."

"అచ్చు ఎవరైనా వేసుకుంటారు సార్. కొలిచి చూద్దాం."

"కొలిచే పరికరం మన దగ్గర ఉందా?"

లేదు. మందాన్ని బట్టి నిషేధం పెట్టిన ఆఫీసులో మందం కొలిచే పరికరం లేదు. ఇది మా ఊరి గొప్ప కాదు, ఆ రోజుల్లో ఎక్కడ అడిగినా అదే మాట.

శెట్టిగారి అంగడి

వెంకటసుబ్బయ్య శెట్టిగారు మా బజారులో పెద్ద టోకు వ్యాపారి, వర్తక సంఘానికి అధ్యక్షుడు. ఆయన నాకు పరాయివాడు కాదు. అంతకు కొన్నేళ్ళ ముందు ఊళ్ళో వాంతులు, విరేచనాలు ప్రబలి ఆసుపత్రిలో నేల మీద కూడా చోటు లేనప్పుడు, నేను అడగకముందే తన సత్రం తాళాలు నా చేతికిచ్చిన మనిషి. ఇంట్లో ఆడవాళ్ళ చేత గంజి కాయించి పంపాడు. ఆ సత్రంలో బతికి లేచిన పిల్లలు ఎంతమందో.

అలాంటి మనిషి గుమ్మం ఎక్కడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. మా సిబ్బందిలో కొందరు "చెప్పకుండా పోదాం మేడమ్, చెబితే సరుకు దాటిస్తాడు" అన్నారు. నేను ఒప్పుకోలేదు. మేలు చేసిన మనిషి మీదికి దొంగచాటుగా పోతే, రేపు ఆ ఊళ్ళో ఎవరూ నాకు తాళాలు ఇవ్వరు. పట్టపగలు, ఒక్కదాన్నే వెళ్ళాను.

శెట్టిగారు గద్దె మీద కూర్చుని ఉన్నారు. నాకు కుర్చీ వేయించి, మజ్జిగ తెప్పించారు.

"నువ్వొచ్చి కూసున్నావంటే ఏందో ఉండాది. చెప్పు తల్లీ."

"సంచుల గురించి వచ్చినాను శెట్టిగారూ. మీరు అమ్మడం ఆపాలి."

ఆయన ఒక కట్ట తీసి నా ముందు పెట్టారు. "చదువు. ఇరవై అని ఉండాదా ల్యా? రూలు మీది. నా సరుకు మీ రూలుకు తగినట్టే ఉండాది. ఇంగ నేనేం తప్పు జేసినానని?"

"వేళ్ళ మధ్య పట్టుకుంటే ఉల్లిపొర మాదిరి ఉంది గదా."

"నీ వేళ్ళు కోర్టులో నిలబడవమ్మా." నవ్వుతూనే అన్నారు. తర్వాత నవ్వు ఆపారు. "ఇంగొకటి చెప్తా విను. నేను ఆపితే రేపు తెల్లార్తో బస్సు టాపు మీద ఇంకొగడు దింపుతాడు. వాడు యాడుంటాడో, వాని పేరేందో నీకు తెలీదు. నేనైతే ఈడనే ఉంటా, నువ్వు అడగొచ్చు. సంఘంలో బందు జేద్దామని అంటాండారు. నేనే ఇంతవరకు ఆపినా. నన్ను ఇబ్బంది పెడితే ఇంగ ఆపేది ఎవరు?"

అందులో బెదిరింపు ఉంది, నిజమూ ఉంది. వ్యాపారులు మాట్లాడేటప్పుడు రెండూ కలిసే వస్తాయి. విడదీసుకోవడం మనం నేర్చుకోవాలి. నేను మజ్జిగ తాగి లేచాను.

"అయితే కొలిపిస్తాను శెట్టిగారూ. మీ అంగట్లోనే, అందరి ముందు. కట్టలు మీరే తీసి ఇవ్వండి. అచ్చులో ఉన్న మందం ఉంటే నేనే మీకు క్షమాపణ చెప్పి పోతాను. లేకపోతే సరుకంతా నాకు అప్పజెప్పాల."

"కొలిపిచ్చుకో తల్లీ." ఆ మాటలో జంకు లేదు. అప్పుడే నాకు అర్థమైంది, ఆయన ఆ అచ్చును నమ్ముతున్నాడని.

కొలత

మా ఊళ్ళో పాలిటెక్నిక్ కాలేజీ ఉంది. అక్కడ ఫిజిక్స్ చెప్పే లెక్చరర్ దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పాను. ఆయన అల్మారాలోంచి పలచటి వస్తువుల మందం కొలిచే స్క్రూగేజీ తీసి, తుడిచి, జేబులో వేసుకుని "పదండి మేడమ్, పిల్లలు కాకుండా ఇంకెవరైనా దీన్ని చూడాలంటే నాకూ సరదాగానే ఉంది" అన్నాడు.

బజారు నిండుగా ఉన్న వేళ చూసుకుని వెళ్ళాం. కమిషనరు కూడా వస్తానన్నాడు గాని నేనే వద్దన్నాను. ఆయన వస్తే అది ప్రభుత్వం చేసిన దాడి అవుతుంది. మేం వెళ్తే అది ఒక కొలత. చుట్టుపక్కల అంగళ్ళవాళ్ళంతా మూగారు. శెట్టిగారు తన చేత్తో వేరువేరు మూటల్లోంచి కట్టలు తీసి ఇచ్చారు.

లెక్చరర్ ముందు పరికరాన్ని ఖాళీగా బిగించి శెట్టిగారికి చూపించాడు. "చూడండి, మధ్యలో ఏమీ లేనప్పుడు సున్నా చూపాలి. చూపుతోందా?"

శెట్టిగారికి అది నచ్చింది. "తక్కెడ ఖాళీగా ఎత్తి చూపిచ్చినట్టు. కానీ."

ఒక్క పొరను అంత చిన్న పరికరం మీద నమ్మకంగా చూడలేం కాబట్టి, లెక్చరర్ సంచిని మడత మీద మడత వేసి, బిగించి, లెక్క చెప్పాడు. అచ్చు వేసిన మందంలో సగం కూడా లేదు. ఇంకో కట్ట. అదే. ఇంకో మూట. అంతకంటే పలచన. జనంలో గుసగుస మొదలైంది. శెట్టిగారు చెయ్యి ఎత్తి అందరినీ ఊరుకోమన్నారు.

"అది నాకియ్యి సామీ. ఎట్ల జూడాలో చెప్పు."

లెక్చరర్ చూపించాడు. శెట్టిగారు కళ్ళద్దాలు తుడుచుకుని, తానే మడిచి, తానే బిగించి, గీతలు లెక్కపెట్టుకున్నారు. మళ్ళీ ఇంకో సంచి. ఆయన మొహం నల్లబడింది. ఆ మొహం పట్టుబడిన మనిషిది కాదు, మోసపోయిన మనిషిది. ఫ్యాక్టరీవాడు ఆయనకు మందపు సరుకని చెప్పి పలచటిది అంటగట్టాడు. ఆయన అచ్చు చూసి తీసుకున్నాడు, అచ్చు చూపించి అమ్మాడు.

"తక్కెడ కింద చింతపండు అంటిచ్చే యాపారం మా ఇంట్లో ల్యా," అన్నారు మెల్లగా. తర్వాత గొంతు పెంచారు. "మా నాయన చేసినోడు కాదు, నేను చేసినోణ్ణి కాదు. ఆ ఫ్యాక్టరీ నా కొడుకు నాచేత చేపిచ్చినాడు. ఊరికంతా నేనే తప్పుతూకం అమ్మినట్టయింది గదప్పా!"

గోడౌన్ తాళం తీయించి, మూటలన్నీ వీధిలోకి వేయించారు. నేను రసీదు రాయబోతే "నీ కాయితం నువ్వు రాసుకో, ముందు ఇవి నా కండ్ల ముందర నుంచి తీపిచ్చు" అన్నారు. మా ట్రాక్టర్లు మళ్ళీ మళ్ళీ తిరిగాయి.

శెట్టిగారిని నేను మహాత్ముణ్ణి చేయడం లేదు. ఆ రోజు ఆయన్ని కదిలించింది కాలువలూ కాదు, ఓబులేసూ కాదు. వ్యాపారిగా తన పేరు. కానీ నాకు పని జరగడం కావాలి. మనిషికి ఎక్కడ రోషం ఉందో తెలుసుకుని అక్కడ తలుపు తట్టడం ఈ ఉద్యోగంలో సగం విద్య. చట్టం చూపిస్తే భయపడేవాళ్ళు కొందరే. తక్కెడ చూపిస్తే తలవంచేవాళ్ళు ఆ బజారులో చాలామంది.

ఆ సాయంత్రం వర్తక సంఘంలో బందు మాట మళ్ళీ వచ్చిందట. శెట్టిగారు "పలచ సంచి కోసరం బందు జేసేదానికి నా పేరు వాడుకోవద్దండి" అని లేచి వచ్చేశారట. బందు జరగలేదు. మందపు సంచులు తెప్పించి చూశారు గాని, వాటిని ఊరికే ఇవ్వడం ఏ అంగడికీ గిట్టుబాటు కాలేదు. దాంతో అంగళ్ళవాళ్ళే "ఇంటి కాణ్ణుంచి సంచి తెచ్చుకోండప్పా" అనడం మొదలుపెట్టారు. మేం ర్యాలీలో చెప్పినప్పుడు ఎవరూ వినని మాట, కిరాణా కొట్టు ఆయన చెప్పేసరికి ఊరు విన్నది.

తడి సరుకు

పప్పూ బియ్యం సులువు. నిషేధం అసలు పరీక్ష తడి సరుకు దగ్గర. కాగితంలో చక్కెర కట్టొచ్చు గాని మాంసం ఎట్లా కట్టడం?

మాంసం వీధిలో ఖాసిం సాబ్ అంగడి పెద్దది. మాట కటువుగా ఉన్నా సరుకు శుభ్రం. ఈగ వాలనిచ్చేవాడు కాదు. అందుకే తనిఖీకి వెళ్ళినప్పుడు నేను ఎక్కువసేపు నిలబడేది ఆయన దగ్గరే. నిషేధం వచ్చిన తొలి ఆదివారాలు ఆయనకు నరకం చూపించాయి. జనం చేతులూపుకుంటూ వచ్చి, సంచి లేదంటే వెనక్కి తిరిగి, ఊరి పొలిమేర దాటి ఇంకో అంగడికి పోయేవాళ్ళు. అక్కడ మా మునిసిపాలిటీ రూలు వర్తించదు.

ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి ఖాసిం సాబ్ కత్తి మొద్దు మీద నాటి, అంగడి ముందర మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"చూడండి మేడమ్, ఇట్ల కూసున్నా. యాట తల అట్లనే ఏలాడ్తాంది. కాయితంలో కడితే ఇంటికి పోయేలోపల కాయితం కూరలో కల్సిపోతాది. కడగలేక మా గిరాకీలు నన్ను తిడ్తాండారు. మీరు జీతగాళ్ళు. ఆదివారం యాపారం పోతే మాకేముండాది?"

"మీరు చెప్పేది నిజమే ఖాసిం భాయ్. ఊరి బయటి అంగడిని నేను మూయించలేను. ఇక్కడ మీకు ఒక్కరికే సంచి ఇవ్వమని చెప్పనూలేను. మీకు ఆ వెసులుబాటు ఇస్తే పెరుగు ఆవిడకు ఇవ్వాలి, చేపల వాళ్ళకు ఇవ్వాలి. ఇంక నిషేధం ఏం మిగులుతుంది?"

"మరి నన్నేం చెయ్యమంటారు?"

నా దగ్గర జవాబు లేదు, లేదనే చెప్పాను. జవాబు లేనప్పుడు ఉందని నటించడం కంటే పక్కన కూర్చోవడం మేలు. ఆ పూట నేను ఆయన అంగడి ముందు నిలబడి వచ్చినవాళ్ళతో నేనే మాట్లాడాను. "అన్నా, సంచి నేనే వద్దన్నాను. ఆయన్ని తిట్టొద్దు, నన్ను తిట్టు. ఇల్లు దగ్గరే గదా, గిన్నె తెచ్చుకో." కొందరు తిట్టారు. కొందరు తెచ్చుకున్నారు. వరుసగా చాలా ఆదివారాలు అక్కడే నిలబడ్డాను. మా ఇంట్లో ఆదివారం వంట మా ఆయన చేతికి వెళ్ళింది. ఇప్పటికీ ఆయన చేతిలోనే ఉంది.

దారి చివరికి ఖాసిం సాబే కనిపెట్టాడు. ఆయనకు వాళ్ళ నాయన కాలంలో మోదుగాకుల్లో మాంసం కట్టి ఇవ్వడం జ్ఞాపకం వచ్చింది. విస్తర్ల కోసం నల్లమల వైపు నుంచి ఆకు తెచ్చేవాళ్ళతో మాట్లాడి తెప్పించాడు. ఆకు కూడా కారుతుంది, అబద్ధం చెప్పను. కానీ కూరలో కలవదు. కాస్త దూరం వెళ్ళేవాళ్ళకు ఆకు, దగ్గరివాళ్ళకు గిన్నె. గిన్నె తెచ్చిన మనిషికి మంచి ముక్క ఏరి వేసేవాడు. ఆ సంగతి వీధిలో పాకింది. అందరికంటే ముందు గిన్నెతో వచ్చి నిలబడినవాళ్ళు ఇంటి ఆడవాళ్ళు. మగవాళ్ళకు గిన్నె పట్టుకుని బజారులో నడవడం నామోషీ. ఆ నామోషీ పోవడానికి మా నోటీసులన్నీ కలిపినా చేయలేనిది, ఖాసిం సాబ్ ఏరి వేసే మూలుగ నిండిన నల్లి బొక్క ఒకటి చేసింది.

మరుసటేడు వానలకు కింది గేరిలోకి నీళ్ళు రాలేదు. దానికి సంచులు తగ్గడం ఒక కారణం, కల్వర్టు వెడల్పు చేయించడం ఇంకో కారణం. రెండోదాన్ని ఆ కుర్ర కమిషనరు పట్టుబట్టి చేయించాడు. నిషేధం ఒక్కటే ఊరిని కాపాడిందని నేను ఎక్కడా చెప్పలేదు. ఎవరైనా అలా చెబితే నమ్మొద్దు.

కొత్త సారు

మంచి ఆఫీసర్ల గుణం ఒకటి: తొందరగా బదిలీ అవుతారు. ఆయన వెళ్ళిపోయాడు, కొత్త కమిషనరు వచ్చాడు. చెడ్డవాడు కాదు. కానీ ముందరివాడు మొదలుపెట్టిన పని అంటే ఎవరికైనా ఆసక్తి తక్కువ. మొదటి సమీక్షలోనే అన్నాడు: "ఈ సంచుల గొడవ ఎందుకమ్మా? పన్నుల వసూలు చూడండి. ప్లాస్టిక్ సంగతి జనమే చూసుకుంటారు."

అంటే వదిలేయమని. పైకి వదిలేయమని చెప్పడు, కానీ తనిఖీకి జీపు అడిగితే ఉండదు, మనుషులను అడిగితే ఉండరు. ఆదివారాలు నేను ఒక్కదాన్నే నడిచి వెళ్ళేదాన్ని. బస్టాండు వైపు బండ్ల మీద అక్కడక్కడా సంచులు మళ్ళీ కనబడ్డాయి. ఇంకొన్నాళ్ళు పోతే బజారులోకీ వస్తాయని నాకు భయంగానే ఉండేది.

అప్పుడు ఒక ఆదివారం పొద్దున నా ఫోన్ మోగింది. కమిషనరు గొంతు. చుట్టాలు వచ్చారట, బంగళా అటెండరును మాంసానికి పంపాడట.

"ఎవరమ్మా ఆ ఖాసిం? మా అటెండరును ఉత్త చేతులతో పంపించాడు. కమిషనరు గారి ఇంటికి అని చెప్పినా వినలేదట. గిన్నె తెమ్మన్నాడట! ఆకులు అయిపోయాయట! అతని లైసెన్సు సంగతి చూడండి."

నేను చెప్పాను: "లైసెన్సు సరిగ్గానే ఉంది సార్. అంగడి శుభ్రంగా ఉంటుంది. ఆయన మన కౌన్సిల్ తీర్మానాన్ని పాటిస్తున్నాడు. మీ సంతకంతోనే కదా సార్ మొన్న దాన్ని మళ్ళీ నోటీసు బోర్డులో పెట్టాం."

అటువైపు వెనకాల ఎవరో ఆడగొంతు "మధ్యాహ్నానికి ఏం వండమంటారు?" అని అడగడం వినబడింది. ఫోన్ పెట్టేశాడు.

బదిలీ అయితే అయ్యాను, ఖాసిం సాబ్ మీద మాత్రం ఏమీ రాకూడదని చెప్పులు వేసుకుని మాంసం వీధికి నడిచాను. వరుస పొడుగ్గా ఉంది. ఖాసిం సాబ్ నన్ను చూడగానే కత్తి దించాడు.

"మేడమ్, సారు ఇంటి మనిషిని ఎనక్కి పంపిస్తి. తప్పయిందా?"

"తప్పు కాలేదు భాయ్."

"పొద్దన్నే ఒగ ఆటో డ్రైవరును గిన్నె ల్యాదని ఎనక్కి పంపినా. ఆయప్ప గిన్నె తెచ్చుకోని ఇంగా వరుసలోనే నిలబడుకోనుండాడు, చూడండి. ఆయప్ప ముందర ఇంగొకరికి యట్ల ఇచ్చేది?"

ఇంతలో వీధి మొదట్లో జీపు ఆగింది. కమిషనరు స్వయంగా దిగాడు. చేతిలో స్టీలు క్యారియరు. జనం పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. ఆయన ముందుకు రాలేదు. వరుస చివరికి వెళ్ళి నిలబడ్డాడు. కోపంతో వచ్చాడో, పరీక్షించడానికి వచ్చాడో, ఆకలితో వచ్చాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఎండలో చెమట తుడుచుకుంటూ తన వంతు కోసం చూశాడు. వంతు వచ్చాక ఖాసిం సాబ్ క్యారియరు అందుకుని, కడిగిన గుడ్డతో మళ్ళీ ఒకసారి తుడిచి, ముక్కలు ఏరి నింపాడు.

"మూత గట్టిగా పెట్టినా సార్. కారదు."

కమిషనరు క్యారియరు పట్టుకుని తిరిగాడు, నన్ను చూశాడు. "వచ్చే ఆదివారం తనిఖీకి జీపు తీసుకోండమ్మా," అన్నాడు. అంతే. మిగతా ఆరు రోజులు నడిచే వెళ్ళాలన్నమాట. ఆ ఒక్క రోజు చాలనుకున్నాను.

ఆయన వెనుక వరుసలో సన్నటి మీసాల యువకుడు ఒకడు ఉత్త చేతులతో నిలబడి ఉన్నాడు. కమిషనరు చేతిలోని క్యారియరు చూశాడు, తన చేతులు చూసుకున్నాడు, మెల్లగా వరుసలోంచి తప్పుకుని ఇంటి వైపు పరుగందుకున్నాడు.

ఖాసిం సాబ్ వెనుక నుంచి కేకేశాడు: "పరిగెత్తొద్దప్పా, కింద పడ్తావు! నీ వంతు నేను పెట్టింటాలే!"